కదలని వారికి దీపము

సంధ్యాదీపము కేవలము చీకటిని పోగొట్టుటకు పెట్టునది కాదు. హౌరాలో, శివపూర్, సాల్కియా ప్రాంతముల ఇరుకు సందులలోని పాత ఇండ్లలో, ప్రొద్దు వాలగానే ఇల్లాలు తులసికోట చెంత ప్రమిద వెలిగించి శంఖము పూరించును. అంతకుముందే ఆమె చూపు ఇల్లంతయు కలయదిరిగి యుండును: ఎవరు వచ్చిరి, ఎవ రింకను రాలేదు, మూలగదిలో ఎవరు పడుకొని యున్నారు? వెలుగు ఆ విచారణకు తరువాతనే వచ్చును.

కలకత్తాలో ఇమాంబాగ్ సందులోని విద్యుత్కేంద్రము 1899లో పనిచేయ నారంభించెను. కాలక్రమమున నది కీవలనున్న హౌరా ఇండ్లకును మీటలు వచ్చినవి. అయినను మీటను నొక్కు చేయి నిలిచియే యుండెను. నేడా చేయియు తప్పుకొనుచున్నది. సెన్సరను చిన్న పరికరమును గోడకు బిగించినచో, మనిషి రాగానే దీపము తనంత తాను వెలుగును, పోగానే ఆరును.

దీనిని నిందించుట తగదు. నడిరేయి నిటారు మెట్లు దిగవలసిన వృద్ధునకు, పిలిచినను లేవని కొడుకుకంటె ఈ పరికరమే మేలు.

కాని అది మనిషిని చూచుట లేదు. ఇండ్లలో విరివిగా వాడు సెన్సరు, దేహమునుండి వెలువడు ఉష్ణకిరణములు దాని యెదుట మారినప్పుడు ఆ మార్పును మాత్రమే గ్రహించును. కదలిక యున్నచో మనిషి యున్నట్లు. కొన్ని నిమిషములు కదలిక లేనిచో గది శూన్యమైనట్లు. జపమాలతో కూర్చున్న నాయనమ్మ, పుస్తకములో మునిగిన బాలుడు, మంచము పట్టిన రోగి—వీరందరును దాని లెక్కలో లేనివారే. చేయి పైకెత్తి యూపి, తాము బ్రతికియే యున్నామని దీపమునకు మనవి చేసికొనవలెను. నిశ్చలతను తపస్సుగా నెంచిన దేశమున ఇది చిన్న పరిహాసము కాదు.

దీనికిని ఉపాయము దొరికినది. ఊపిరికి రొమ్ము లేచి పడు సూక్ష్మచలనమును సయితము రేడియో తరంగములతో పసిగట్టు పరికరములు వచ్చినవి. నాయనమ్మకు ఇక దీప మారదు. కాని ఇల్లు ఆమె ఊపిరిని కనిపెట్టుచుండును. ఆ సమాచారము ఇల్లు దాటి ఎచ్చటికి పోవునో ఆమె యెరుగదు.

వెలుగు మనిషి యునికిని బయటపెట్టునని హౌరాకు తెలియనిది కాదు. 1943 ఫిబ్రవరి 3న హౌరా వంతెనపై రాకపోకలు మొదలైనప్పుడు, జపాను విమానముల భయముచేత, ఉత్సవమేదియు జరుపలేదు. ఆ యుద్ధకాలమున జనులు దీపములకు ముసుగులు వేసిరి. ఇంట మనుష్యులున్నారని ఆకాశమునకు తెలియరాదు. అదే వంతెనకు 2020 జనవరి 11న రంగురంగుల దీపాలంకరణ ప్రారంభమైనది. ఆ దీపములు ముందుగా నిర్ణయించిన క్రమమున తామే రంగులు మార్చును. క్రింద ఎవరు నిలిచిరని అడుగవు. ఇంటి దీపమునకు అట్లు చెల్లదు. అది అడిగియే తీరవలెను. అడుగువారెవరు, విని దాచుకొనువారెవరు అనునదే చిక్కు. తెలిసికొన్నది గోడలు దాటకుండుటయు, మీట గోడపై యథాస్థానమున నిలిచియుండుటయు కనీస న్యాయము.

పరికరము బిగించుటకు వచ్చిన పనివాడు వాకిలి ఎక్కడ, మెట్లెక్కడ అని అడుగును. నాయనమ్మ జపమునకు ఎక్కడ కూర్చుండునని అడుగుట అరుదు. ఆమెయు తనంత తాను చెప్పదు.