లోపాన్ని లెక్కగట్టి చెబితే గీబత్ అవుతుందా?

తోటివారి లోపాలను కప్పి ఉంచడం ఉత్తమ గుణమని మనం చిన్ననాటి నుంచీ వింటున్నాం. మరి ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ అయిన వారిలో ఎందరికి గాయం చీము పట్టిందో, ఎందరు బాలింతలు మరణించారో లెక్కగట్టి అందరికీ తెలిసేలా ప్రకటిస్తే అది గీబత్ (పరోక్షనింద) అవుతుందా?

ఈ చిక్కు హదీసువేత్తలకు ఏనాడో ఎదురైంది. వారు ఉల్లేఖకుల జ్ఞాపకశక్తినీ, నిజాయితీనీ పరీక్షించి, ఫలానా వ్యక్తి బలహీనుడని పేరు పెట్టి మరీ గ్రంథాలలో రాశారు. దీనికే జర్హ్ వ తాదీల్ అని పేరు. అభ్యంతరం చెప్పినవారు అప్పుడూ లేకపోలేదు. అయినా ప్రజలను హాని నుంచి హెచ్చరించడం గీబత్‌కు మినహాయింపు అని ఇమామ్ నవవీ (రహ్మతుల్లాహి అలైహి) స్పష్టం చేశారు. ఉల్లేఖకుని విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే, ప్రాణాన్ని అమానతుగా తీసుకునే వైద్యశాల విషయంలో మౌనం ఎలా చెల్లుతుంది?

తెనాలి, బాపట్ల, రేపల్లెల పేదవారికి జబ్బు ముదిరితే గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రే దిక్కు. 2015 ఆగస్టులో అక్కడ ఎలుకలు కొరికిన పసికందు మరణించింది. దేశమంతా ఆ ఎలుకల గురించి మాట్లాడుకున్నది బిడ్డ పోయాకే. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం ‘కాయకల్ప్’ పథకం ప్రారంభించింది. పారిశుద్ధ్యానికీ, అంటురోగాల నివారణకూ మార్కులు వేస్తారు, 70 శాతం వస్తేనే బహుమతి. మంచిదే. కాని నేల శుభ్రంగా ఉందా అన్నది ఒక లెక్క, ఆ వార్డులో పడుకున్న రోగి నయమై ఇంటికి వెళ్ళాడా అన్నది మరో లెక్క. సామాన్యునికి కావలసింది రెండవది.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం ఈ రెండవ లెక్కనే తీసింది. గుండె బైపాస్ ఆపరేషన్ల మరణాలను 1989 నుంచి సేకరించి, ఆసుపత్రుల వారీగా ప్రకటించింది. 1992 నాటికి రోగుల స్థితిని బట్టి సవరించిన మరణాల రేటు 4.17 నుంచి 2.45 శాతానికి తగ్గింది. ఈ తగ్గుదలంతా ప్రకటన వల్లనే అని అందరూ ఒప్పుకోరు. ప్రమాదకర స్థితిలో ఉన్న రోగులను కొందరు వైద్యులు వదిలించుకున్నారన్న ఆరోపణ కూడా వచ్చింది.

అసలు జాగ్రత్తపడవలసింది ఇక్కడే. రేపల్లెలో ప్రసవం కష్టమైన స్త్రీని తెనాలికి, అక్కడి నుంచి గుంటూరుకు పంపుతారు. ఆమె చనిపోతే ఆ మరణం గుంటూరు పద్దులో పడుతుంది, మొదట ఆలస్యం చేసినవారి పద్దు మాత్రం తెల్లగా ఉంటుంది! అందుకే రోగి ఏ స్థితిలో వచ్చిందో చూడకుండా వేసే అంకె అన్యాయపు తూకమే. తూనికలలో మోసం చేసేవారి గురించి దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది (ముతఫ్ఫిఫీన్, 83). అది కిరాణా కొట్టుకే పరిమితం అనుకోవడం పొరపాటు.

ఇక రాత్రి డ్యూటీలో అలసి పొరబడిన నర్సు పేరు బోర్డుకెక్కించాలా? అక్కరలేదు. పేరు బయటపెడితే రేపు ఏ నర్సూ పొరపాటు జరిగిందని చెప్పదు. లోపాన్ని కప్పి ఉంచడం అన్న సద్గుణం ఆమెకు వర్తిస్తుంది. ఆమెతో వరుసగా రెండు షిఫ్టులు చేయించిన యాజమాన్యానికి వర్తించదు.