వెనుకవాని కొరకు

హిమాచల్ ప్రదేశ్‌లో గ్రాంఫూ నుండి కాజాకు పోవు రాళ్లబాటలో, 4,500 మీటర్లు మించిన కుంజుమ్ కనుమ మీదుగా, స్నేహితులు జట్టుగా మోటారు సైకిళ్లపై వెళ్లుదురు. అక్కడ గాలి పలుచన. బండికిని మనిషికిని సత్తువ తగ్గును. ప్రొద్దెక్కిన కొలది మంచు కరిగి, బాటకడ్డమైన వాగులు పొంగును. కావున నేర్పరి త్వరపడగోరును. అయితే వెనుకవాడు కనబడువరకు మలుపున ఆగుట మంచి జట్టుకు నియమము. ఆగినచో వాగు పెరుగును. ఆగనిచో, పడినవానిని లేవనెత్తువాడుండడు. ఏది న్యాయము?

తెలిసినవారు వేకువనే బయలుదేరుదురు. ఆగుటకు వలసిన సమయమును ముందుగానే కూర్చుకొందురు. యాకోబును ఏశావును ముందు పొమ్మని, తాను పిల్లల నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననెను. తీరిక దొరికినప్పుడు చేయుదమనుకొన్న దయ వాగు పొంగగానే కొట్టుకొనిపోవును. మన దినములో వెనుకవాని కొరకు ఎంత సమయము దాచితిమి?