విహారము – దాసోహము

విదేశ విహారానికి వెళ్లినవారు అక్కడి అనాథ శరణాలయానికి కొంత ద్రవ్యమిచ్చి రావడం పుణ్యకార్యమని పలువురి భావన. ఉద్దేశం మంచిదే, ఫలితం కూడ మంచిదేనా అన్నది విచారింపదగిన విషయం.

కంబోడియాలో అంగ్‌కోర్ ఆలయాలను చూడవచ్చిన యాత్రికులు సమీపంలోని సియెమ్ రీప్ పట్టణంలో శరణాలయాలను కూడ దర్శించి, పిల్లల నృత్యాలు చూచి, కానుకలిచ్చే ఆచారం ప్రబలింది. 2005–2010 నడుమ ఆ దేశంలో శరణాలయాల సంఖ్య 75 శాతం పెరిగింది. ఆ పిల్లలలో నలుగురిలో సుమారు ముగ్గురికి తల్లి గాని తండ్రి గాని జీవించియే ఉన్నారని 2011లో యూనిసెఫ్ తెలిపింది. పేదరికం బిడ్డను ఇల్లు వెడలించగా, యాత్రికుల ధనం ఆ శరణాలయాలను పోషించింది. ఇట్లు అనాథలను ఆదుకొనవలసిన దానమే తల్లిదండ్రులున్న బిడ్డలను అనాథలుగా నిలుపుటకు తోడ్పడింది. అనాథాశ్రమాల పేరిట జరిగే బాలల అక్రమ తరలింపును ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వంగా గుర్తించింది.

దాసోహమందు ఇచ్చువాడు సేవకుడు, స్వీకరించువాడు పూజ్యుడు. పూజ్యుని ప్రదర్శనకు పెట్టుట సేవ కాజాలదు. కావున దానం మానవలసిన పని లేదు, మార్గం మార్చుకొనవలెను. బిడ్డను కన్నవారి చెంతనే ఉంచి చదివించుటకు, ఆ కుటుంబానికి జీవనోపాధి కల్పించుటకు పాటుపడే సంస్థలకు ఆ ద్రవ్యం చేరవలెను. ఆ బిడ్డను దాత కన్నులార చూడకపోవచ్చును; తల్లి చూచుకొనును. అది చాలదా?