ఫోటో తీయుట, ఫోటో దిగుట

వివాహములందు క్రొత్తగ వచ్చు వేడుకలను గూర్చి పెద్దలు రెండు విధములుగ ప్రవర్తింతురు. కొందరు విన్నంతనే ఆడంబరమని త్రోసివేయుదురు. మరికొందరు పిల్లల ముచ్చట కదా యని చూచియు చూడనట్లుందురు. ఈ రెండింటను విచారణ లేదు. గత మాఘమాసమున బీదరులో మా మనుమరాలి వివాహానంతరము జరుగవలసిన విందునకు ఏర్పాట్లు చేయుచుండగా, మా మనుమడు వచ్చి ‘ఫోటో బూత్’ ఒకటి పెట్టింపవలెనని కోరెను. మేము మొదట మొదటి తెగ పెద్దలవలెనే వలదంటిమి. పిమ్మట ఆలోచింపగా ఆ చిన్న గుడారము వెనుక ఒక పెద్ద ప్రశ్న యున్నట్లు తోచినది. మన ఇంటికి వచ్చిన అతిథి ముఖముపై మనకు గల హక్కు ఎంత?

ఫోటో బూత్ అనగా ఎరుగనివారికి రెండు మాటలు చెప్పవలెను. హాలులో ఒక మూల వెనుకతెర కట్టి, దీపము లమర్చి, కెమెరాను ఒక స్తంభముపై నిలుపుదురు. అతిథులు తమకు నచ్చినవారితో వచ్చి, తెర ముందు నిలిచి, తామే మీట నొక్కుకొందురు. కొన్ని క్షణములలో ప్రింటు చేతికి వచ్చును. కాగితపు మీసములు, పెద్ద కళ్లజోళ్లు, హాస్యపు మాటలు వ్రాసిన అట్టలు ప్రక్కన బల్లపై నుండును. వేదికపై దిగు ఫోటోకును దీనికిని గల భేదమిది: వేదికపై అతిథి వధూవరుల చిత్రములో ఒక భాగము, ఇచ్చట చిత్రము అతిథిది.

ఇది నిన్న మొన్నటి కల్పన యని పిల్లలు తలచుచున్నారు. కాదు. 1925లో న్యూయార్కు నగరపు బ్రాడ్వే వీధిలో, సైబీరియాలో పుట్టి అమెరికా చేరిన అనటోల్ జోసెఫో అను నతడు ఇట్టి యంత్రమును నెలకొల్పెను. 25 సెంట్లు చెల్లించినచో 8 చిత్రములు వచ్చెడివి. ప్రజలు బారులు తీరిరి. 1927లో ఆ యంత్రపు హక్కులను పది లక్షల డాలర్లకు కొనిరి. అంతటి ఆకర్షణకు చౌక యొక్కటే కారణమని మాకు తోచదు. ఆ పెట్టెలో ఫోటోగ్రాఫరు లేడు. గడ్డమెత్తుమని గాని నవ్వుమని గాని శాసించువాడు లేడు. తెర వేసికొనినచో లోపలివాడు తన ముఖమునకు తానే యజమాని.

మన ప్రాంతమున ఇంతకంటె ముందే ఇట్టి ఆలోచన చేసినవారు గలరు. లాలా దీన్ దయాళ్ ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ‘రాజా ముసవ్విర్ జంగ్’ అను బిరుదు పొందినవాడు. ఆయన 1892లో హైదరాబాదున స్త్రీల కొరకే ఒక స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల వనిత చేతి కప్పగించెను. ఘోషా పాటించు కుటుంబముల స్త్రీలు పరపురుషుని కంటబడకుండ అచ్చట ఫోటో దిగగలిగిరి. బీదరు ఆనాడు నిజాము రాజ్యములోనిదే. ఘోషా మంచిదని మేము చెప్పుట లేదు. కాని మీరు మారిన పిమ్మటనే నా దుకాణమునకు రండని ఆయన ఆ స్త్రీలతో అనలేదు. వారు రాగల విధముగ దుకాణమునే మార్చెను. ఆతిథ్యపు సూత్రము ఇందులోనే యున్నది.

మన భాషలోని ఒక విశేషమును ఇచ్చట గమనింపవలెను. కెమెరా పట్టినవాడు ఫోటో తీయును. ఎదుట నిలిచినవాడు ఫోటో దిగును. ఏటిలో దిగినట్లు, బావిలో దిగినట్లు, ఫోటోలో దిగుట. తీయుట ఒకని పని, దిగుట మరియొకని పని. దిగుటకు మనసుండవలెను, లోతు తెలిసియుండవలెను. ఒకరు త్రోయగా నీటిలోనికి పోయినవానిని దిగినాడనము, పడినాడందుము. ఈ కొలతతో నేటి పెండ్లి విందులను చూడుడు. ముద్ద నోట పెట్టుకొనుచున్న పెద్దమనిషి ముఖముపై దీపము పడును. కన్నీరు తుడుచుకొనుచున్న తల్లి ఎదుటికి కెమెరా వచ్చును. తలపై డ్రోను తిరుగును. ఇందరిలో దిగినవారెందరు, పడినవారెందరు?

2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యము తెచ్చిన పుట్టస్వామిగారు మన కర్ణాటక ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగ పనిచేసిన పెద్దలు. అయినను పెండ్లియింట చట్టము చూపి ఎవరు తగవులాడుదురు? అచ్చట అతిథిని కాపాడునది గృహస్థుని మర్యాద యొక్కటే.

ఇంతవరకు చెప్పినది విచారణ. ఇక మా ఇంటి మాట చెప్పక తప్పదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విభజింపబడినప్పుడు పాత బీదరు జిల్లాయు చీలినది. బీదరు మైసూరు రాష్ట్రమునకును, జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశమునకును, ఉద్గీరు బొంబాయి రాష్ట్రమునకును పోయినవి. నేడవి కర్ణాటక, తెలంగాణ, మహారాష్ట్రములు. ఈ మూడింటను చుట్టములు లేని తెలుగు కుటుంబములు బీదరులో తక్కువ. మావారందరు ఒకచోట చేరునది పెండ్లికే. కావున పెండ్లిలో దిగు ఫోటో మాకు అలంకారము మాత్రమే కాదు. చెదరిన ఇంటికి లెక్క వంటిది.

ఆ లెక్కలో ఒకరు లేరు. జహీరాబాదు దగ్గర నుండు మా పెద్దక్కగారు ముప్పది రెండవ యేట భర్తను పోగొట్టుకొనిరి. నాటినుండి మా ఇండ్ల శుభకార్యములన్నిటను ఉగ్రాణపు తాళములు ఆమె కొంగుననే యుండెడివి. ఫోటో సమయము రాగానే మాత్రము, పాలు పొంగుచున్నవేమో చూచి వత్తునని లేచి లోపలికి పోయెడివారు. నలువది యేండ్లకు పైగ ఆ పాలు పొంగుచునే యున్నవి. ఎవరును ఆమెను పొమ్మనలేదు. ఉండుమనియు ఎవరు ననలేదు. మేము చేసిన తప్పు ఆ రెండవది.

మేము కచేరిలో గుమాస్తాగ నున్న కాలమున వేలకొలది దరఖాస్తులపై అంటించిన ఫోటోలను చూచితిమి. పెక్కుమంది వృద్ధులకు జీవితమంతటిలో ఉన్న చిత్రము అదియే. వారు పోయిన పిమ్మట బిడ్డలు దానినే పెద్దది చేయించి దండ వేయుదురు. బెదరిన కన్నులు, బిగిసిన పెదవులు. ఆ చిత్రములో వారు దిగలేదు. కార్డు కొరకు తీయబడిరి. మా అక్కగారికిని రేపు గోడపై మిగులునది అట్టి చిత్రమే యని తలపునకు వచ్చినప్పుడు, మనుమని కోరికను మేము మరల విచారించితిమి.

ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది ఖర్చు. బాణసంచా మానిపించి ఆ సొమ్ము దీనికి మార్చితిమి. కావున అధికవ్యయ మైనదని మా వియ్యంకులుగూడ అనలేదు. రెండవది, ఫోటోల సందడిలో మనుష్యులు ఒకరినొకరు చూచుకొనుట మానుదురని. ఇది నిజమైన ఆక్షేపణ. అందుచేతనే బూత్‌ను భోజనపు బంతులకు దూరముగను, వేదికకు ఎదురు గాకుండను పెట్టించితిమి. ఇష్టమున్నవాడు వెదకికొని పోవలెను గాని, అది వానిని వెంటాడరాదు.

ఏర్పాటునందు లెక్క మా వంతు వచ్చినది. ఆహ్వానితులు 600 మంది. విందు 3 గంటలు. ఒక్కొక్క జట్టునకు 3 నిమిషములు పట్టునన్నచో 60 జట్లు. జట్టునకు నలుగురు చొప్పున 240 మంది. ఒక గంట ముందుగ తెరచినను 320 మందికి మించరు. మిగిలినవారి మాట ఏమి? అందరికి చాలని వస్తువును పంచునప్పుడు, ముందు ఎవరికన్నదే ధర్మప్రశ్న. బలముగలవారు వరుసలో ముందుకు వత్తురు. పిల్లలు పది మారులు వత్తురు. వృద్ధులు వెనుదిరిగి పోవుదురు. కావున మొదటి గంట వృద్ధులదని నిర్ణయించితిమి. లోపల మెట్టు లేకుండ నేలపైననే చేతుల కుర్చీ వేయించితిమి. చివరి అరగంట వంటవారికి, వడ్డించువారికి, ఊడ్చువారికి, జనరేటరు చూచుకొను కుర్రవానికి. వారుగూడ ఆ రాత్రి మా ఇంటివారే కదా!

వెనుకతెరపై పారిసు గోపురము వేయింతమని పిల్లలు, మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా వేయింతమని మా వియ్యంకులు అనిరి. తుదకు బిద్రీ పని మాదిరి నల్లని తెరపై సన్నని వెండి తీగలు వ్రాయించితిమి. బిద్రీ పాత్రను కోటలోని మట్టితోను నవసారముతోను మరిగించినప్పుడు యశదము నల్లబడును, వెండి మాత్రము తెల్లగనే యుండును. నలుపు వెనుకకు తగ్గుటచేతనే వెండికి వెలుగు. వెనుకతెర పనియు అంతే. అది ముందు నిలిచిన ముఖమును మింగరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము రెండు మాటలలోనిది: అడుగుడు, ఇచ్చివేయుడు. ప్రింటు అతిథి చేతికి ఈయవలెను. యంత్రములో నిలిచిన ప్రతిని ఉంచవచ్చునా యని అడుగవలెను; వలదన్నచో వారి యెదుటనే చెరిపివేయవలెను. వారి అనుమతి లేక దానిని ఏ ఫోనులోనికిని పంపరాదు. ముందు మూడు ప్రక్కల గోడ, నాలుగవ ప్రక్క తెర కావలెనని మేము పట్టుబట్టగా, అద్దెకిచ్చినతడు నవ్వి, నేటివారు నలుగురు చూడవలెననియే ఫోటో దిగుదురు కదా యనెను. అందరును కాదని చెప్పితిమి.

ఆ రాత్రి మొదట అక్కగారిని వేదికపైకే పిలిచితిమి. చాటున ఒక గుడారము చూపి వేదికను యథాప్రకారము మూసియుంచినచో అది మర్యాద గాదు, పాత తప్పునకు క్రొత్త తెర యగును. మనుమరాలు తానే దిగివచ్చి చేయి పట్టుకొనెను. అక్కగారు ఆమె తల నిమిరి, నాకు అక్కడ వలదమ్మా యనిరి. మేము బలవంత పెట్టలేదు. దిగకుండుటయు దిగువారి హక్కే. కాని ఇన్ని యేండ్లు పిలువని పిలుపు ఒక్కనాడు పిలిచినంత మాత్రమున ఆమె కాళ్లలోని జంకు పోవునని ఆశించుట మా అవివేకమని మాత్రము తెలిసినది.

గడియ సేపైన పిమ్మట బూత్ దగ్గర ఆమె కనబడిరి. తోడెవరును లేరు. తెర వేసికొనిరి. వెలుపల మేము, మనుమడు, మరి నలుగురు పిల్లలు నిలిచియుంటిమి. తెర క్రింద ఆమె పాదములు మాత్రము కనబడుచుండెను. ఒకమారు వెలుగు మెరసినది. మరల మెరసినది. మూడవమారు మెరయునప్పటికి లోపలినుండి చిన్న నవ్వు వినబడినది. ప్రింటు చేతికి వచ్చినంతనే ఆమె దానిని చూచి కొంగున దాచుకొనిరి. యంత్రములో ప్రతి యుంచవచ్చునా యని మనుమడు నియమము ప్రకారము అడిగెను. వలదనిరి. వాడు మా ముఖము చూచెను. నలువది యేండ్ల లోటు తీర్చు చిత్రము అక్కడ నున్నది. ఒక్క మీట నొక్కక ఊరకున్నచో అది మాకు దక్కును. ఆ క్షణమున మాకు కలిగిన ఆశ చిన్నది కాదు. చెరిపివేయుమని చెప్పితిమి. వాడు చెరిపివేసెను.

కావున మా ఇంటి ఆల్బములో అక్కగారి చిత్రము నేటికిని లేదు. అది జహీరాబాదు దగ్గర ఆమె పెట్టెలో నున్నది. అందామె ఎట్లు నవ్విరో మేము ఎరుగము. ఎరుగవలెనను కోరిక యున్నది. అడుగుట మాత్రము మానితిమి. అతిథి కిచ్చిన దానిని మరల మనము కోరినచో అది ఆతిథ్యము గాదు, అప్పు. ఈ సంచిక చదువు పెద్దలు తమ ఇండ్లలో ఇట్టి ఏర్పాటు చేయునప్పుడు తెరల రంగులు, దీపముల కాంతి పిల్లలకే విడువవచ్చును. ఎవరిని అడిగితిమి, ఎవరిని అడుగుట మరచితిమి అను పట్టిక మాత్రము తామే వ్రాసికొందురు గాక యని మా విన్నపము.