సూదియు కాయకమే





వెనుకటి తరములలో మన ఉత్తరాంధ్రవాసులు పొట్ట చేతబట్టుకొని రంగూనుకు ఓడలెక్కిరి. నేడు మన గరివిడి బిడ్డలు విమానములెక్కి దూరదేశములకు పోవుచున్నారు. పెట్టెలలో ఊరగాయలు, విభూతి గట్టులు సర్దుకొందురు. చేతిపనిని మాత్రము ఇంటనే విడిచిపోవుదురు. అట్లు విడిచిన పనిని మరల చేపట్టిన ఒక బిడ్డను గూర్చియు, ఆమె వలన నాకు కలిగిన బుద్ధిని గూర్చియు నేడు విన్నవింతును.

ఆమె నాయొద్ద తెలుగు చదువుకొన్నది. తల్లి కుట్టుమిషను ప్రక్కన కూర్చుండి కాజాలు కుట్టుట, అంచులు మడుచుట నేర్చినది. వివాహమై భర్తతో అమెరికాకు వెళ్ళినది. ఉద్యోగపు వీసాపై పోయిన భర్తకు పని కలదు. అతనిపై ఆధారపడి పోయిన భార్యకు సంపాదించు అనుమతి లేదు. 2015 నుండి అట్టివారిలో కొందరికి ఆ అనుమతి లభించుచున్నను, అందరికిని లేదు. ఒకనాడు ఆమె టెలిఫోనులో, "మాస్టారూ, పగలంతా చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటున్నాను. బసవన్న చెప్పిన కాయకం నాకు లేకుండా పోయిందండీ" అన్నది. నేను, "కష్టపడనక్కరలేని రాత నీది, అదృష్టవంతురాలవమ్మా" అంటిని. ఆమె మరి మాటాడలేదు. ముప్పది యేండ్లు పాఠము చెప్పిన నోరు ఆనాడు తప్పు చెప్పినది.

ఏల తప్పు? కాయకము లేనివాని సుఖమును బసవేశ్వరుడు భాగ్యమని ఎన్నడును తలపలేదు. అట్లని కాయకమనగా జీతమును కాదు. దేహము వంచి, శుద్ధమైన మనస్సుతో చేయు పని కాయకము. దాని ఫలమును తోడివారికి అర్పించుట దాసోహము. ఈ రెండును కూడినపుడే అది శరణమార్గము.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున వెలసిన శరణులను చూడుడు. సూజికాయకద రామితందె పేరులోనే సూది యున్నది. కదిరె రెమ్మవ్వ పేరులోనే కదురున్నది. వారి పనియే వారి బిరుదు. ఆయ్దక్కి మారయ్య నేలరాలిన బియ్యమేరి తెచ్చు కాయకము గలవాడు. ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్యయైన లక్కమ్మ దానిని మరల అక్కడనే పోసి రమ్మని పంపినది. పని విలువ పోగుచేసిన రాశిలో లేదని ఆ తల్లికి తెలియును. ఇందువలన స్త్రీలు సంపాదింపరాదని ఎవరును అనుకొనరాదు. అనుమతియు అవకాశమును గలవారు సంపాదింపవలసినదే. భర్త కాయకము భర్తదే. భార్యకును తనదైన కాయకము ఉండవలెను.

కొన్ని నెలలకు ఆమెయే మరల పిలిచినది. మెడలోని శివదారము నలిగి తెగవచ్చినదట. ఆ ఊర అది దొరకు దుకాణము లేదు. ఇంటనున్న నూలుపోగులు కూర్చి, తొడపై పేని, తానే శివదారము చేసికొన్నది. ఇష్టలింగమునకు చిన్న వస్త్రపు సంచి కుట్టినది. మొదటి కుట్లు వంకరపోయినవనియు, మూడుమార్లు విప్పి కుట్టితిననియు చెప్పి నవ్వినది. ఆమె నవ్వు విని ఎంతకాలమైనదో! అటుపిమ్మట అక్కడి మన కుటుంబములకు శివదారములు పేని ఇచ్చినది. ఒక్క డాలరైనను ముట్టలేదు. సెలవుదినములలో పిల్లలను చేర్చి, ఆడ మగ భేదము లేక, సూదిలో దారమెక్కించుట నేర్పుచున్నది. దారము పేనునంతసేపు పంచాక్షరి పలుకవలెనని నియమము.

ఆమె ప్రేమతో కుట్టియిచ్చిన బల్లగుడ్డను ఒక ఇంట నేల తుడుచుటకు వాడుచుండగా చూచి ఆమె మనస్సు నొచ్చినది. ఈమారు నేను తొందరపడక జేడర దాసిమయ్య కథ చెప్పితిని. ఆ భక్తుడు శ్రద్ధతో నేసిన వస్త్రమును శివుడు జంగమరూపమున వచ్చి అడిగెను. దాసిమయ్య ఇచ్చెను. జంగముడు దానిని ఆయన కన్నులయెదుటనే చింపివేసెను. దాసిమయ్య చలింపలేదు. శివుడు మెచ్చి, తరుగని తవనిధిని ప్రసాదించెను. "ఇచ్చిన పిమ్మట వస్త్రము మనది కాదమ్మా! నేయునపుడు నిలిచిన మనస్సే మనది" అంటిని. కొంతసేపటికి "సరేనండీ, వాళ్ళకి ఇంకొకటి కుట్టి ఇస్తాను" అన్నది. పాఠము నేను చెప్పితిని. దానిని ఆచరించినది ఆమె.

మన రైలుమార్గముననే యున్న పొందూరులో స్త్రీలు నేటికిని చేతితో పత్తిని ఏకి, రాట్నముపై సన్నని నూలు వడకుచున్నారు. ఆ నూలు ఒక చిలప ఆమెకు పంపితిని. మీరును మీ బిడ్డలకు పంపు పెట్టెలో పచ్చళ్ళతోపాటు ఒక నూలు చిలప, నాలుగు సూదులు ఉంచుడు. మఠాధిపతులకు నాదొక మనవి: ఇష్టలింగదీక్షకు ముందు ప్రతి బిడ్డయు తన శివదారమును తానే పేనుకొనునట్లు ఏర్పాటు చేయవలెను.

లండను నగరమున థేమ్సు నదీతీరమున 2015 నవంబరు 14న బసవేశ్వరుని విగ్రహము ఆవిష్కృతమైనది. పరదేశమున గురువు విగ్రహము నిలిచినది, సంతోషము. గురువు మాట నిలువవలెనన్న మన చేతులు కదలవలెను.

శరణు శరణార్థి.