బేతాళుడి ప్రశ్న: స్మృతి, ప్రత్యభిజ్ఞ, పునఃపఠనం

బాల్యంలో చదివిన పుస్తకాన్ని నడివయస్సులో మళ్ళీ చేతికి తీసుకున్న పాఠకుడికి కలిగే ఆనందం వట్టి జ్ఞాపకమేనా, లేక అందులో జ్ఞానమనదగినది కూడా ఏదైనా ఉన్నదా అన్న ప్రశ్న పైకి సాహిత్య విమర్శకు చెందినట్టు కనిపించినా, దాని వేళ్ళు భారతీయ దర్శనాలలో ఆత్మను గురించి జరిగిన వాదాల దాకా పోతాయి. ఈ ప్రశ్నను పరీక్షించడానికి తెలుగువారికి ‘చందమామ’ బేతాళ కథలకు మించిన ఉదాహరణ దొరకడం కష్టం. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మద్రాసు నుంచి ప్రారంభించిన ఆ మాసపత్రిక ఆగిపోయి ఏళ్ళు గడిచినా, పాత సంచికలను బైండు చేయించి దాచుకున్నవారు, దొరకని సంచికల కోసం వెదికేవారు నేటికీ ఉన్నారు; ఆ వెదికేవారిలో పిల్లలు మాత్రం అరుదు.

తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో రచించిన న్యాయశాస్త్ర గ్రంథం ‘తర్కసంగ్రహం’ ఈ విషయంలో మొదటి ఆధారం. శాస్త్రం చదవని బాలురకు సులభంగా బోధపడాలని రచించిన గ్రంథం కనుక ఒక విధంగా అదీ పిల్లల పుస్తకమే. అందులో స్మృతికి ఉన్న లక్షణం చాలా బిగువైనది: పూర్వానుభవం విడిచిన ముద్రకు సంస్కారమని పేరు, ఆ సంస్కారం ఒక్కదాని వల్లనే పుట్టే జ్ఞానం స్మృతి. ‘ఒక్కదాని వల్లనే’ అన్న నియమం ప్రత్యభిజ్ఞను వేరు చేయడానికి పెట్టినది. ప్రత్యభిజ్ఞ అంటే ‘ఆనాడు చూసిన మనిషే ఇతడు’ అని ఆనవాలు పట్టడం. దానికి పాత సంస్కారంతో పాటు ఎదుట ఉన్న వస్తువు కూడా కావాలి. పాత సంచిక అట్ట మీది వడ్డాది పాపయ్య బొమ్మను, లేదా ఒక చేత కత్తితో, భుజాన శవంతో నడిచే రాజు విక్రమార్కుడిని శంకర్ గీసిన తీరును కళ్ళు మూసుకొని తలచుకొనేవాడిది స్మృతి. కథ తెరిచి చదువుతూ, చివర ఆ శవంలోని బేతాళుడు వేసిన ప్రశ్న దగ్గర ఆగి, చిన్నప్పుడు మారుమాట లేకుండా ఒప్పుకొన్న విక్రమార్కుడి సమాధానం ఇప్పుడు ఎందుకు మింగుడుపడడం లేదని ఆలోచించేవాడిది ప్రత్యభిజ్ఞ. పుస్తకాల మీద ఇష్టాన్ని పెద్దతనం దాకా నిలిపేది ఈ రెండవదే.

బౌద్ధులు దీనికి అడ్డు చెబుతారు. ప్రతి వస్తువూ క్షణికమని వాదించే వారి దృష్టిలో, దీపశిఖ క్షణక్షణం కొత్తదే అయినా పోలికను బట్టి అదే దీపమని భ్రమించినట్టు, నాటి పాఠకుడూ నేటి పాఠకుడూ ఒకడేననడం పొరపాటు. ప్రత్యభిజ్ఞ జరుగుతున్నది గనుక నాడూ నేడూ నిలిచి ఉన్న జ్ఞాత ఒకడు ఉండి తీరాలని నైయాయికులు బదులు చెప్పారు. ఇదే చిక్కును బేతాళ పంచవింశతిలోని ఒక కథ ముందే పసిపిల్లల ముందు పెట్టింది. సోమదేవుని ‘కథాసరిత్సాగరం’లో, గౌరీదేవి గుడిలో తలలు నరుక్కొని పడి ఉన్న భర్తనూ అన్ననూ చూసి మదనసుందరి ఉరి వేసుకోబోతుంది, దేవి వారించి తలలను మొండేలకు అతికించమంటే, తొందరలో ఆమె తారుమారు చేస్తుంది. ఇద్దరిలో భర్త ఎవరన్నది ప్రశ్న. అంగాలలో తల ప్రధానం గనుక భర్త తల ఉన్నవాడే భర్త అని రాజు తేల్చేస్తాడు. పిల్లవాడికి అది చాలు. కాని స్పర్శ, అలవాటు, చేతి పనితనం మొండెంలో ఉంటాయని ఎరిగిన వయస్సులో ఆ తీర్పు అంత తేలికగా నిలవదు. తన మార్పును గురించి ఆలోచించే పాఠకుడికైతే ఆ కథ మరీ దగ్గరగా తగులుతుంది.

కథ చివర నీతి చెప్పి ముగించే పుస్తకాలకు ఇలా మళ్ళీ చదివించుకొనే యోగం తక్కువ, ఎందుకంటే నీతి సామెతగా మిగిలి కథను అనవసరం చేస్తుంది. అలాగని ‘చందమామ’లో ఎడతెగక సాగిన వందల బేతాళ కథలన్నీ ఒకే స్థాయివని కాదు, మూలంలోని ఇరవై అయిదు అయిపోయాక కొత్తగా అల్లినవాటిలో సమాధానం అతికించినట్టుండేవీ ఉన్నాయి.

బాల్యం మీది మమకారాన్నే సాహిత్యానందమనుకొనేవారికి కాశ్మీర ఆలంకారికుడు అభినవగుప్తుడి మాట కొంత కటువుగా వినిపిస్తుంది. బేతాళ కథలను సోమదేవుడి కన్నా కొంచెం ముందు సంస్కృతంలో చెప్పిన క్షేమేంద్రుడు కూడా కాశ్మీరీయుడే, సాహిత్యంలో అభినవగుప్తుడి శిష్యుడే. ఆ గురువు రసాస్వాదానికి లెక్కించిన విఘ్నాలలో, ఎదుటి అనుభవాన్ని తనదిగా, ఫలానా కాలానిదిగా, ఫలానా చోటిదిగా పట్టుకోవడం ఒకటి. సొంత సుఖదుఃఖాలకు వశమైపోవడం మరొకటి. ఆ లెక్కన ‘మా ఇంటి అరుగు, మా నాటి సంచిక’ అని కళ్ళు తడిచేసుకొనే పాఠకుడు రసం వాకిట్లోనే ఆగిపోయినవాడు.

ఇక బేతాళుడి షరతు సంగతి: సమాధానం తెలిసి చెప్పకపోతే రాజు తల పగులుతుంది, చెబితే మౌనభంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. కథ నెలనెలా సాగాలంటే రాజు ప్రతిసారీ నోరు విప్పక తప్పదు గనుక, ‘చందమామ’ చదివి పెరిగినవారికి అతడి మౌనం అలవాటు లేదు. సోమదేవుడి గ్రంథంలో మాత్రం చివరి ప్రశ్న వేరు: ఒక తండ్రీకొడుకులు ఒక తల్లీకూతుళ్ళలో, తండ్రి కూతురిని, కొడుకు తల్లిని పెళ్ళాడిన పక్షంలో వారికి పుట్టిన బిడ్డలు ఒకరికొకరు ఏమవుతారు? రాజుకు నిజంగానే తెలియదు, మారు పలకకుండా నడుస్తూనే ఉంటాడు. బేతాళుడు ఆ మౌనానికే సంతోషించి, శవాన్ని తెమ్మన్న భిక్షువు పన్నిన మోసాన్ని చెప్పి రాజు ప్రాణం కాపాడుతాడు.