డేగ అడిగిన లెక్క

మా అక్క కొడుకు భీమిలి అవతల ఎకరన్నర జీడితోట కొన్నాడు. అందులో ముసలి జంతువులకు, ఎవరూ పెంచుకోని జంతువులకు శరణాలయం కడతాడట. నేను పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాణ్ణి కనక, ‘ఎలా ఉండాలో నువ్వు చెప్పు మావయ్యా’ అని పని నాకు అప్పజెప్పాడు. ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. పచ్చిక, చిన్న చెరువు, చెట్టు నీడన కుక్క, దాన్ని ఆనుకుని ఆవు. బాగుంది. ఆ బొమ్మలో ఎవరికీ ఆకలి వెయ్యడం లేదు.

గేటు దగ్గరికి ఎవరెవరు వస్తారో ముందు అనుకుందాం రా అన్నాను. తుంటి పడిపోయిన పదేళ్ళ లాబ్రడార్ వస్తుంది. ఇల్లు మారుతున్నాం, అక్కడ లిఫ్టు లేదు అంటారు. రెక్కలు కత్తిరించిన జోస్యం చిలక వస్తుంది; రామచిలకను పంజరంలో పెట్టడమే చట్టప్రకారం నేరం కాబట్టి చీకటి పడ్డాక తెస్తారు. పెళ్ళి ఊరేగింపులకు పనికిరాని, గిట్టలు పెరిగి మెలిదిరిగిన గుర్రం. వట్టిపోయిన జెర్సీ ఆవు. ముద్దొచ్చే కుక్కపిల్లను ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. మనకు మిగిలేవి కరిచేవి, పడుకున్నచోటే తడిపేసేవి, రాత్రంతా అరిచేవి.

ఆవుల కొట్టంలో సిమెంటు గచ్చు వద్దు, ఇసుక పొయ్యమన్నాను. లేవలేని ఆవును కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి. లేదంటే ఒంటి బరువు కింద నలిగి కాలి కండ చచ్చిపోతుంది, తుంటెముక మీద పుండు పడుతుంది. మూడు నాలుగు వందల కిలోల ప్రాణిని తిప్పడానికి మనుషులు కావాలి, అర్ధరాత్రి కూడా. పళ్ళరిగిన పశువుకు గడ్డి సన్నగా నరికి, నానిన తవుడు కలిపి పెట్టాలి. వాడు శ్రద్ధగా రాసుకున్నాడు. ఇవన్నీ డబ్బుంటే, ఓపికుంటే అయ్యే పనులే. నన్ను పట్టుకున్న సంగతి వేరు.

కఠోపనిషత్తు ఒక గోదానంతో మొదలవుతుంది. వాజశ్రవసుడు యాగం చేసి ఉన్నదంతా దానమిస్తున్నాడు. ఇస్తున్న ఆవులేమో మేత మేయడం, నీళ్ళు తాగడం అయిపోయినవి, పాలు పిండడం ముగిసినవి, ఇక ఈననివి. పక్కనే నిలబడ్డ కుర్రవాడు నచికేతుడు అది చూసి ఉండబట్టలేక ‘నన్నెవరికి ఇస్తావు?’ అని అడిగాడు. పండితులు అక్కణ్ణించి గబగబా యముడి ఇంటికి, ఆత్మవిద్యకు వెళ్ళిపోతారు. నా బుద్ధి మాత్రం ఆ ఆవుల దగ్గరే ఆగిపోతుంది. అవి ఎవరింటికి చేరాయి? వాటికి గడ్డి ఎవరు వేశారు? ఉపనిషత్తు మళ్ళీ వాటి ఊసెత్తదు.

సింహాచలం అప్పన్నకు కోడెదూడను మొక్కుకోవడం, వేములవాడ రాజన్నకు కోడె కట్టడం మనకు తరాల ఆచారం. దున్నే ఎద్దుకు విలువ ఉన్నప్పుడు ఇంట్లో మంచిదాన్ని తెచ్చి దేవుడికి ఇవ్వడమంటే మాటలు కాదు. ఇప్పుడు పొలానికి ట్రాక్టరు వచ్చింది, పాలకు సంకరజాతి ఆవు వచ్చింది, దానికి పుట్టిన మగదూడతో రైతుకు పనిలేదు. మొక్కుకునేవాళ్ళందరి మనసూ ఒకటే అనను. కాని వదిలించుకోవలసిన దాన్ని దేవుడి పేరున వదిలించుకుంటే పుణ్యం ఇచ్చినవాడి ఖాతాలో పడుతుంది, మేత ఖర్చు మరొకరి ఖాతాలో పడుతుంది. వాజశ్రవసుడి యాగం జరుగుతూనే ఉంది.

ఎవరికీ పుణ్యం రాని చోటు కూడా ఒకటుంది. 1998లో కేంద్రం సింహాలు, పులులు, ఎలుగుబంట్లు, కోతులు, చిరుతలతో ఆటలాడించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. సర్కస్ బోనుల్లోంచి వచ్చిన వాటిని ఉంచడానికి మన విశాఖ, తిరుపతి జూలలో కూడా రక్షణ కేంద్రాలు పెట్టారు. ఆ సింహాల్లో చాలావాటిది ఆఫ్రికా, గిర్ రక్తం కలిసిన సంకరజాతి. కనక జాతి పరిరక్షణకూ పనికిరావు. అడవిలో వదలడానికి వీల్లేదు, సంతతి పెంచకూడదు, జనానికి టిక్కెట్టు పెట్టి చూపించకూడదు. అవి చెయ్యవలసిందల్లా ముసలివై చనిపోవడం. ప్రభుత్వం ఏటికేడాదీ ఖర్చు పెట్టి అదే చేయనిచ్చింది. సర్కారు ఆఫీసుల గురించి నాకు పెద్ద భ్రమల్లేవు గాని, మన కాలంలో జరిగిన నిష్కామకర్మకు ఉదాహరణ చెప్పమంటే ఇదే చెబుతాను.

అయితే సింహం గడ్డి తినదు.

ముసలి జంతువుల మాట వస్తే అందరూ కుక్క కోసం స్వర్గం వద్దన్న ధర్మరాజు కథ చెబుతారు. అది వదలనన్నవాడి కథ. అక్కడ కుక్కకు ఏం పెట్టాలన్న ప్రశ్న లేదు. శరణాలయం కట్టేవాడు చదవాల్సింది శిబి కథ. (అరణ్యపర్వంలో ఒకచోట ఆ రాజు పేరు ఉశీనరుడు; మనకు మాత్రం శిబి చక్రవర్తే.) పావురం ఒళ్ళో వాలింది. వెనకే వచ్చిన డేగ రాజును తిట్టలేదు, లెక్క అడిగింది: దీన్ని నువ్వు కాపాడితే నేను చస్తాను, నా పెళ్ళాం పిల్లలు చస్తారు, ఒకదాన్ని బతికించి ఇన్నింటిని చంపడం ఏ ధర్మం? రాజు వెంటనే తన తొడ కోసివ్వలేదు. ముందు ఎద్దునో పందినో లేడినో దున్ననో తెప్పిస్తానన్నాడు. ఈ ముక్క మనవాళ్ళు చెప్పరు. తన దయకయ్యే ఖర్చు మూడో ప్రాణి మీద వెయ్యబోయాడన్నమాట. డేగ ఒప్పుకోలేదు. ఆ తరవాతే త్రాసు వచ్చింది.

ఢిల్లీ ఎర్రకోట ఎదురుగా జైనమందిరంలో పక్షుల ఆసుపత్రి ఉంది. అక్కడ మాంసం తినే పక్షులను వార్డుల్లో ఉంచుకోరు, చికిత్స చేసి పంపేస్తారు. అదే ఊళ్ళో ఇద్దరు అన్నదమ్ములు గాయపడ్డ గద్దలకు మాంసం పెట్టి వైద్యం చేస్తున్నారు. 2022లో వచ్చిన ‘ఆల్ దట్ బ్రీత్స్’ డాక్యుమెంటరీ వాళ్ళ గురించే. ఎవరిది ధర్మం అంటే నేను అన్నదమ్ముల వైపే ఉంటాను. కాని జైనుల పట్టుదలను చూసి నవ్వను. వాళ్ళు మూడో ప్రాణిని మర్చిపోలేదు.

మర్చిపోతే ఏమవుతుందో మా వృత్తికి బాగా తెలుసు. కీళ్ళు పట్టేసిన ముసలి పశువుకు నొప్పి తగ్గించడానికి ఒకప్పుడు దేశమంతా డైక్లోఫినాక్ ఇంజెక్షన్ వాడేది. చవక, త్వరగా పనిచేసేది. ఆవు కాస్త లేచి నిలబడేది. కొన్నాళ్ళకు పోయాక కళేబరాన్ని ఊరి బయట పడేసేవారు, రాబందులు దిగేవి. ఆ మందు అంటిన మాంసం తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై కొద్ది రోజుల్లో చచ్చేది. కారణం 2004 దాకా బయటపడలేదు. తెల్లవీపు రాబందులు 1992లో వెయ్యి ఉన్నచోట 2007 నాటికి ఒకటి మిగిలింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు; దాని బదులు రాబందులకు హాని చెయ్యని మెలాక్సికామ్ ఉంది. ఇందులో దుర్మార్గుడు ఎవడూ లేడు. ముసలి ఆవు మీద జాలిపడ్డవాళ్ళే అందరూ.

ఇంకొకటి కూడా వాడితో మాట్లాడాను. లేవలేని ప్రాణి నొప్పి ఏ మందుకూ లొంగనప్పుడు ఏం చేస్తావు? 1928లో సబర్మతి ఆశ్రమంలో బతికే ఆశ లేక బాధపడుతున్న దూడకు గాంధీ ఇంజెక్షన్ ఇప్పించి ప్రాణం తీయించాడు. అహింస చెప్పేవాడు ఇదా చేసేదని కోపంగా ఉత్తరాలు రాశారు జనం. ఆయన దాచుకోకుండా తన పత్రికలోనే జవాబు చెప్పాడు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. డాక్టరు చేతికి వదిలేద్దాం అన్నాడు చివరికి. డాక్టరు సూది వేస్తాడు గాని, చెప్పాల్సింది రోజూ దానికి గడ్డి పెట్టినవాడే అన్నాను.

సరే, ఎలా ఉండాలి మరి? ఇసుక గచ్చు, చిలకకు ఎగరలేకపోయినా పాకడానికి కొమ్మలు, కరిచే కుక్కకు విడిగా గది, పట్టినన్నే ఉంచుకోవడం. వీటిమీద మా ఇద్దరికీ పేచీ లేదు. పేచీ బోర్డు దగ్గర వచ్చింది. గేటు పక్కన దాతల పేర్లతో పాలరాతి పలక పెడతానన్నాడు వాడు. వద్దు, నల్లబల్ల పెట్టి ప్రతినెలా లెక్క రాయమన్నాను. పది ముసలి కుక్కలు, తలకి రోజుకు పావుకిలో చొప్పున చూసుకున్నా నెలకు డెబ్బై అయిదు కిలోల మాంసం. అంటే యాభై కోళ్ళకు పైమాటే. ఆ యాభై రాయాలి. ఏ మందు ఎంత వాడామో, కళేబరాన్ని ఎక్కడ ఎంత లోతున పూడ్చామో రాయాలి. ఎవరి ప్రాణం తీయించామో, ఎవరు చెప్పి తీయించామో అదీ రాయాలి. కుక్కను వదలడానికి వచ్చినవాడు తాళంచెవులు ఆడిస్తూ నిలబడి ఆ బల్ల చదవాలి.

‘అది చదివాక చందా ఎవడిస్తాడు మావయ్యా?’ అన్నాడు.

కొందరు ఇవ్వరు, అది నిజమే. బల్ల పెడతాను గాని వంటగదిలో, అంటున్నాడు ఇప్పుడు. నేను గేటు దగ్గరే అంటున్నాను. ఇంకా తెగలేదు.